డిజాస్టర్ అను మాటలోని నక్షత్రము

ఈ వారము మనము వాక్యభాగముతో కాక ఒక ఇంగ్లీషు మాటతో మొదలుపెడదాము. ఆ మాట మీ ఇండ్లలో రోజూ వినబడుతూనే ఉంటుంది. శుక్రవారం సినిమా విడుదలైతే శనివారానికల్లా మన యవ్వనస్థులు తీర్పు చెప్పేస్తారు. ఒకటి హిట్టు, ఒకటి ఫ్లాపు, మరొకటి డిజాస్టరు. ఫ్లాపు కంటే ఒక మెట్టు కిందది డిజాస్టరు అన్నమాట. అదే మాట తుఫాను రోజుల్లో టీవీ వార్తలలో వస్తుంది. కలెక్టరు కార్యాలయంలో ఒక గది తలుపు మీద కూడా ఉంటుంది. చచ్చిన సినిమాకూ, చచ్చిన మనుషులకూ ఒకే మాట వాడుతున్నామే, అసలు ఈ మాట ఎక్కడిది అని మీలో ఎవరైనా ఆలోచన చేశారా?

ఈ మాట ఇటలీ దేశపు భాషలో పుట్టి, ఫ్రెంచి భాష మీదుగా, 16వ శతాబ్దపు చివరి భాగములో ఇంగ్లీషులోకి వచ్చింది. దీనిని రెండుగా విడదీయండి. ముందున్న 'డిస్' అంటే చెడు, ప్రతికూలము. వెనుకనున్న 'ఆస్టర్' అంటే నక్షత్రము. ఆస్ట్రానమీ, ఆస్ట్రాలజీ అనే మాటలలో ఉన్నది కూడా ఈ నక్షత్రమే. కనుక డిజాస్టర్ అంటే చెడు నక్షత్రము. మొదట్లో ఈ మాట జరిగిన నష్టానికి పేరు కాదు. ఆకాశంలో ఒక గ్రహము చెడ్డ స్థానములో ఉండడాన్నే డిజాస్టర్ అనేవారు. షేక్‌స్పియర్ తన 'హామ్లెట్' నాటకములో సూర్యునిలో కనబడిన అపశకునాలను చెప్పడానికి ఈ మాట వాడాడు. క్రమంగా పైనున్న నక్షత్రం మరుగున పడి, కింద జరిగిన నష్టమే ఆ మాటకు అర్థమైంది. అదే షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకములో ఎడ్మండ్ అనే దుష్టపాత్ర చేత ఒక మంచి సంగతి చెప్పించాడు. మనము చేసుకున్న దానికి సూర్యచంద్రులనూ నక్షత్రాలనూ దోషులను చేస్తున్నామని వాడు నవ్వుతాడు. అంటే ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చి ఎన్నో ఏండ్లు కాకముందే దానిలోని మోసాన్ని కనిపెట్టినవారు ఉన్నారు.

ఇది ఇంగ్లీషువారి గొడవ, మనకేమి అనుకోకండి. మన తెలుగులో గ్రహపాటు అనే మాట లేదా? గ్రహము వలన పడిన పాటు. అక్షరాలా డిజాస్టరే! గ్రహచారం బాగాలేదంటాము. ఏలినాటి శని పట్టిందంటాము. ఏడున్నర ఏండ్లు ఒక గ్రహాన్ని మెడకు కట్టుకొని తిరిగే మాట అది. ఇటలీవాడూ మనవాడూ ఒకరినొకరు చూడకుండానే ఒకే మాట కట్టుకున్నారంటే, మనుష్యుని మనసు అన్ని దేశాలలోనూ ఒకే దారిన పోతుందన్నమాట. ఇక అదృష్టము అంటే కనబడనిది అని అర్థము. దురదృష్టము అంటే చెడ్డదైన కనబడనిది. కారణము కనబడలేదు గనుక ఆ పేరు పెట్టారు. వెదికితే కనబడేదేమో అన్న ప్రశ్న ఆ మాటలో లేదు.

ఇంగ్లీషులో కీడుకు ఇదొక్కటే మాట కాదు. కెలామిటీ అనే లాటిన్ మాటను పంటపొలం నుండి వచ్చినదిగా పూర్వం చెప్పేవారు. కంకి వేయకుండా దంటులోనే ఎండిపోయిన పైరు అని ఫ్రాన్సిస్ బేకన్ వంటి పండితుడు కూడా వ్రాశాడు. నేటి భాషాశాస్త్రవేత్తలు దానిని ఒప్పుకోరు గాని, రైతుబిడ్డనైన నాకు ఆ వివరణ విడిచిపెట్టబుద్ధి కాదు. కెటాస్ట్రఫీ గ్రీకుమాట, తలకిందులగుట అని అర్థము. అది నాటకశాల నుండి వచ్చింది. పౌలు 2 తిమోతి 2:14లో మాటలను గూర్చిన వాదము వినువారిని చెరుపుతుందని వ్రాసినచోట గ్రీకులో ఉన్నది ఈ మాటే. మిస్‌హ్యాప్‌లోని 'హ్యాప్' అంటే లక్కు. హ్యాపీ అనే మాట కూడా దాని చెల్లెలే. మన ఆపద, విపత్తు అనే రెండు మాటలూ పడుట అనే సంస్కృత ధాతువు నుండి వచ్చినవి. ఆక్సిడెంట్ అన్నా లాటిన్‌లో వచ్చి మీద పడినది అనే.

మా భీమునిపట్నంలో సముద్రపు ఒడ్డున డచ్చివారి సమాధులున్నాయి. 17వ శతాబ్దములో వర్తకానికి వచ్చి, కోట కట్టుకొని, 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్ళినవారు. వారి భాషలో ప్రమాదానికి 'ఓన్‌గెలుక్' అంటారు. లక్కు లేకపోవడము అని దాని అర్థము. ఓడ మునిగినా, మేడమీద నుండి పడినా అదే మాట. ఆ సమాధులలో ఉన్నవారు అంతదూరము నక్షత్రాలను చూచుకుంటూనే ఓడ నడుపుకొని వచ్చారు. ఓడవానికి నక్షత్రము ఒక గుర్తు, ఒక కొలత. అది ఎక్కడ ఉన్నదో చూచి తానెక్కడ ఉన్నాడో తెలుసుకుంటాడు. ఒడ్డుమీద జాతకము చూచేవానికి అదే నక్షత్రము కారణమైపోతుంది. ఈ తేడా మనసులో ఉంచుకొని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము తెరవండి.

పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. పెనుగాలి కొట్టి, అనేక దినములు సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదని లూకా వ్రాస్తున్నాడు. ఇక్కడ నక్షత్రాలు చెడ్డవి కావు, కనబడలేదు, అంతే. దారి తెలియలేదు. మరి ఆ ఓడ పగలడానికి కారణమేమి? లూకా దానిని ముందే 11, 12 వచనాలలో చెప్పేశాడు. ప్రయాణానికి కాలము మించిపోయిందని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి పౌలు మాట కంటె నావికుని మాటా ఓడ యజమానుని మాటా ఎక్కువగా నమ్మాడు. ఆ రేవు చలికాలము గడపడానికి అనుకూలము కాదని ఎక్కువమంది అన్నారు. సరుకు ఉన్నది, యజమాని ఉన్నాడు, తొందర ఉన్నది. రేవు పట్టణములో పుట్టి పెరిగినవారికి ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ తరువాత 28వ అధ్యాయములో మెలితే ద్వీపవాసులు ఏమి చేశారో చూడండి. పాము పౌలు చేతిని పట్టగానే ఇతడు నరహంతకుడే అని తీర్మానించారు. ఓడను బయలుదేరదీసినవారి జోలికి ఎవరూ పోలేదు. చలిమంటకు పుల్లలేరుతున్న ఖైదీ మీద నేరము పడింది.

ఇప్పుడు మన పరిశుద్ధ గ్రంథపు మాటల సంగతి. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో విశాఖపట్నం వచ్చారు. సువార్తలను తెలుగు చేయడం ఇక్కడ వారితోనే మొదలైంది. ఆనందరాయర్ అనే విశ్వాసి వారికి తోడుగా పనిచేశాడు. క్రాన్ 1809లోనూ, డి గ్రాంజెస్ 1810లోనూ చనిపోయారు. వారు తర్జుమా చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చు పుస్తకాన్ని ఇద్దరూ చూడలేదు. ఇట్టివారి పనిలో మాటను ఏరుకోవడమే పెద్ద కష్టము. ప్రతి తెలుగు మాటకూ వెనుక ఒక నమ్మకం అంటుకొని ఉంటుంది. నేడు మన బైబిలులో కీడు, ఆపద, ఉపద్రవము, శ్రమ అనే మాటలున్నాయి. 57వ కీర్తనలో ఆపదలు, ఆమోసు 3:6లో ఉపద్రవము, యెషయా 45:7లో కీడు. ఇవేవీ నక్షత్రానికి సంబంధించినవి కావు. అయితే ఒకచోట చంద్రుడు మిగిలిపోయాడు. మత్తయి 17:15లో మూర్ఛతో బాధపడే కుమారుని చాంద్రరోగి అని చదువుతున్నాము. గ్రీకులో కూడా చంద్రుని పేరే ఉన్నది. చంద్రుని కళలనుబట్టి ఆ జబ్బు వస్తుందని ఆనాటి జనులు అనుకునేవారు, ఆ మాటే నిలిచిపోయింది. మూర్ఛరోగమున్న బిడ్డ తల్లి ఆ వచనము చదివినప్పుడు ఏమనుకుంటుందో నేను చాలాసార్లు ఆలోచించాను.

1611లో వచ్చిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో డిజాస్టర్ అనే మాట ఒక్కసారి కూడా లేదు. అప్పటికి ఆ మాట వాడుకలో ఉన్నది, అయినా పండితులు తీసుకోలేదు. యెషయా 45:7లో వారు 'ఈవిల్' అని వ్రాశారు. తరువాతి కాలములో ఆ మాట చదివినవారు దేవుడు పాపమును పుట్టించాడా అని చిక్కులో పడ్డారు. అందుచేత న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ వంటి నేటి తర్జుమాలు అక్కడ డిజాస్టర్ అని మార్చాయి. అర్థము సరిపోయింది. కాని తమాషా చూడండి. ఆకాశపు సూచనలకు భయపడవద్దని యిర్మీయా 10:2 చెబుతుంది. జ్యోతిష్కులు నిన్ను రక్షించలేరని యెషయా 47:13 చెబుతుంది. ఆ గ్రంథములలోనికే చెడు నక్షత్రమనే మాట వచ్చి కూర్చున్నది. ఎవరికీ అభ్యంతరము లేదు, ఎందుకంటే ఇప్పుడు ఆ మాటలో నక్షత్రము ఎవరికీ కనబడదు.

నక్షత్రాన్ని ఆ మాటలోనుండి దింపినది ఒక్క వేదాంతులే కాదు. మన బంగాళాఖాతపు గాలివానలకు కూడా అందులో పాలున్నది. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవును 18వ శతాబ్దము చివరలోనూ, మరల 1839 నవంబరులోనూ సముద్రము మీదికి వచ్చి పాడుచేసింది. కలకత్తాలో ఓడల ప్రమాదాలను విచారించే కోర్టులో ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఇట్టి గాలివానల లెక్కలు ఓడల దినచర్య పుస్తకాలలోనుండి కూర్చాడు. గాలి సుడి తిరుగుతుందని చూపాడు. 1848లో అచ్చయిన తన పుస్తకములో ఆ సుడిగాలికి చుట్ట చుట్టుకొనుట అనే అర్థమున్న గ్రీకు మాటతో సైక్లోన్ అని పేరు పెట్టాడు. ఆ పేరులో నక్షత్రము లేదు, శకునము లేదు, గాలి తిరిగే తీరు ఉన్నది. మన జాలరుల మాటలు కూడా అట్టివే. గాలివాన అంటే గాలీ వానా. ఉప్పెన అంటే ఉప్పెనే. కండ్లారా చూచినదానికి పెట్టిన పేర్లవి. పిడింగ్టన్ 1853లో గవర్నర్ జనరల్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. మాత్లా నది మీద కొత్త రేవు కట్టవద్దు, ఉప్పెన దానిని ముంచుతుంది అన్నాడు. వినలేదు. పోర్ట్ కానింగ్ అని కట్టారు. 1867లో తుఫాను దానిని నాశనము చేసింది. శతాధిపతీ ఓడ యజమానుడూ మరల కనబడుతున్నారు కదా!

1864 నవంబరు 1న మచిలీపట్నం మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారని చరిత్రలో వ్రాయబడింది. అంతకు నెల ముందు కలకత్తాకు కూడా అదే గతి పట్టింది. మరుసటి ఏడే కలకత్తా రేవులో తుఫాను హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవులో ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని రేడియోలో వింటున్నామంటే ఆ కథ అక్కడ మొదలైంది.

ఇక రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1977 నవంబరు 19న దివిసీమ. పదివేల దాకా ప్రాణాలు పోయాయి. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుఫాను అదే కృష్ణా ముఖద్వారము దగ్గర తీరము దాటింది. చనిపోయినవారు వెయ్యికి లోపే. ఒక్క ప్రాణమైనా తక్కువ కాదు, కాని ఈ రెండు లెక్కల నడుమ ఉన్నది గ్రహాల తేడా కాదు. ఆ పదమూడేండ్లలో తుఫాను షెల్టర్లు కట్టారు. వాటిలో క్రైస్తవ సేవాసంస్థలు కట్టినవి కూడా ఉన్నాయి. హెచ్చరికలు ముందుగా అందాయి. లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. మనవరకు వచ్చినది 2014 అక్టోబరు 12, ఆదివారము. హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదనే తీరము దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్లు మించింది. మన రేవులూ విమానాశ్రయమూ కొండలమీది చెట్లూ ఏమైనాయో మీరు చూచినవారే. అంత గాలికి మరణాలు పదుల సంఖ్యలో ఆగాయి. హుద్‌హుద్ అంటే ఒక పక్షి. లేవీయకాండము 11:19లో కుకుడు గువ్వ అని చదువుతామే, అదే.

ఇంతవరకు మనము గ్రహపాటు అనేవారిని గూర్చి మాట్లాడుకున్నాము. మన సంఘాలలో ఎవరూ ఆ మాట అనరు. అనరు గాని, దాని స్థానములో ఇంకొక మాట పెట్టుకున్నాము. మరణము జరిగిన ఇంటికి వెళ్ళగానే, సంగతి పూర్తిగా వినకముందే, దేవుని చిత్తము అంటాము. నేను దేవుని సార్వభౌమత్వాన్ని నమ్మే బోధకుడను. ఆయన చేతిలోనుండి ఏదీ జారిపోదని నమ్ముతాను. ఆ నమ్మకము వేరు, పిట్టగోడ లేని మేడ మీద నుండి మనిషి పడితే ఇంటివాని తప్పును తీసికొనిపోయి దేవుని మీద పెట్టడము వేరు. పిట్టగోడ నా ఉపమానము కాదు, ద్వితీయోపదేశకాండము 22:8లో ఉన్నది. కొత్త ఇల్లు కట్టినవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలి, లేనియెడల పడినవాని రక్తాపరాధము ఆ ఇంటి మీదికి వస్తుంది. నిర్గమకాండము 21:29లో ఎద్దు పొడిచేదని ముందే తెలిసి కట్టివేయని యజమానుడు జవాబుదారి. గ్రహాన్నీ ఆయన ఒప్పుకోలేదు, తన చిత్తమనీ అనలేదు, గోడ ఎక్కడ అని అడిగాడు. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13వ అధ్యాయములో ప్రభువే ఎత్తాడు. వారు మిగిలినవారి కంటె పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని ఆయనే చెప్పాడు. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 తరువాత కొన్ని వేదికల మీద నుండి చనిపోయినవారి పాపాల లెక్క చెప్పిన ప్రసంగాలు వినబడ్డాయి. ఆ బోధకులు ఈ అధ్యాయాన్ని ఎట్లు దాటివెళ్ళారో నాకు అర్థము కాదు.

చెప్పుకుంటే సిగ్గు గాని, ఇంగ్లీషు న్యాయశాస్త్రములో కూడా దేవుని పేరు ఇట్లే వాడుకున్నారు. 'యాక్ట్ ఆఫ్ గాడ్' అంటే దేవుని కార్యము. 1581 నాటి ఒక ఇంగ్లీషు తీర్పులోనే ఈ మాట కనబడుతుంది. తరువాత ఓడ సరుకు రసీదులలో స్థిరపడింది. దేవుని కార్యము వలన, రాజు శత్రువుల వలన సరుకు పోతే మాకు బాధ్యత లేదని ఓడవారు వ్రాసుకునేవారు. మన ఊరి గోగునారకు ప్రపంచ వర్తకములో బిమ్లీ జూట్ అని పేరు. అట్టి సరుకు ఓడకెక్కేటప్పుడు నష్టాల జాబితాలో దేవుడూ శత్రువూ ఒకే వరుసలో ఉండేవారన్నమాట. భక్తితో వ్రాసిన మాట కాదది, జేబు కాపాడుకోవడానికి వ్రాసినది.

మన దేశములో ఆ తలుపు కొంతవరకు మూసినది సుప్రీంకోర్టు. 1985 డిసెంబరులో ఢిల్లీలో ఓలియం వాయువు లీకైన వ్యవహారములో, ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడు నష్టానికి పూర్తి బాధ్యుడు, దైవ కార్యమని తప్పించుకోవడానికి వీల్లేదు అని 1986 డిసెంబరు 20న తీర్పు చెప్పింది. సునామీ జరిగిన ఏడాదికి, 2005లో, విపత్తు నిర్వహణ చట్టము వచ్చింది. అందులో డిజాస్టర్ అంటే ఏమిటో అర్థము వ్రాసుకున్నారు. కెటాస్ట్రఫీ, మిస్‌హ్యాప్, కెలామిటీ, మనము ఇందాక చూచిన మాటలన్నీ అందులో వరుసగా ఉన్నాయి. వాటి తరువాత కారణాలున్నాయి. ప్రకృతి వలన గాని, మనుష్యుల వలన గాని, ప్రమాదవశాత్తు గాని, నిర్లక్ష్యము వలన గాని. నాలుగు వందల ఏండ్ల కిందట నక్షత్రము కూర్చున్న చోట ఇప్పుడు నిర్లక్ష్యము అనే మాట కూర్చున్నది.

ఆ మాట మన పట్టణములోనే అవసరపడింది. 1997 సెప్టెంబరు 14, ఆదివారము తెల్లవారిన కొంతసేపటికి విశాఖ రిఫైనరీలో వంటగ్యాసు అంటుకొని సుమారు 60 మంది చనిపోయారు. అప్పటికి ఈ చట్టము లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకులోనుండి స్టైరీన్ ఆవిరి ఇండ్ల మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు ముందుగా జమ చేయమని ఆ కంపెనీని ఆదేశించింది. కంపెనీ తప్పు రుజువయ్యేదాకా ఆగనక్కరలేదు, ప్రమాదకర పదార్థము పెట్టుకున్నవారిదే బాధ్యత అన్నది. రాష్ట్ర ప్రభుత్వము వేసిన ఉన్నతస్థాయి కమిటీ రెండు నెలల తరువాత నివేదిక ఇచ్చింది. లాక్‌డౌన్‌లో నిలిచిపోయిన ట్యాంకులో వేడిని సరిగా అదుపు చేయలేదు. రసాయనము గడ్డకట్టి వేడెక్కకుండా కలపవలసిన మందు చాలినంత నిల్వ లేదు. ఊరిని లేపడానికి అమర్చిన సైరన్ ఆ రాత్రి ఎవరూ మోగించలేదు.